ఇనుము లేని దూలం

ఎవరింటికి వెళ్ళినా నా కళ్ళు ముందు పైకి పోతాయి. కాఫీ కప్పు అందించేవాళ్ళు ఫ్యాన్ తిరగడం లేదనుకుని స్విచ్ వైపు పరిగెడతారు. నేను చూసేది ఫ్యాన్‌ని కాదు. దూలం ఎంత దూరం సాగింది, దాని బరువు ఎక్కడ దిగుతోంది, దాని కింద సోఫా వేసుకుని కూర్చున్న ఈ పెద్దమనుషులకు ఆ సంగతి తెలుసా అని చూస్తాను. విజయవాడలో ఇంజనీరింగ్ చదివిన రోజుల్లో అది అలవాటు. కువైట్ వచ్చి రాళ్ళ కంపెనీలో చేరాక జబ్బయింది. ఉస్తాద్ గారి దివానియా గుమ్మం తర్వాత ఆ జబ్బుకు ఇక మందు లేదు.

మా కంపెనీ గోదాము దజీజ్‌లో ఉంది. ఇటలీ నుంచి, టర్కీ నుంచి, ఒమాన్ నుంచి ఓడల్లో దిగిన రాతి పలకలు అక్కడ వరసలుగా నిలబడి ఉంటాయి. వాటిని కోసి, అరగదీసి, విల్లాల ముఖాలకు అతికించడం మా పని. ఇక్కడ ఏ పేటకు వెళ్ళినా ఇళ్ళ ముందు రోమన్ స్తంభాలు కనిపిస్తాయి. వేలితో కొట్టి చూస్తే డొల్లగా మోగుతాయి. లోపల సిమెంటు, పైన బొటనవేలి మందాన రాయి. కొత్తలో నేను నవ్వుకునేదాన్ని. "నవ్వకు, రోమన్లూ అదే చేశారు," అని ఉస్తాద్ ఒకసారి నా నోరు మూయించారు. లోపల సున్నమూ గులకరాయీ కుక్కి గోడ లేపి, పైన పాలరాతి రేకు అంటించి గొప్పలు పోయినవాళ్ళు ఆ రోజుల్లోనూ కావలసినంత మంది ఉన్నారట.

ఉస్తాద్ అంటే ఇక్కడ గురువు. ఆయన కువైటీ. ప్రాచీన చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. సబా అల్ సలేంలో ఇల్లు. మా గోదాముకు వచ్చేవాళ్ళంతా పలక ముందువైపు మెరుపు చూస్తారు. ఆయన మొదటిరోజే వెనక్కి వెళ్ళి గరుకు వైపు చేత్తో తడిమారు. అప్పుడే నాకు ఆయన నచ్చారు. ఇలాంటి మనిషి మనకి ఇబ్బంది తెస్తాడని కూడా అప్పుడే అనిపించింది.

ఆయన కోరిక ఏమిటంటే, ఇంటికీ దివానియాకూ మధ్య ఉన్న ఖాళీ జాగాలో ఒక రోమన్ పట్టణపు సందు కావాలి. దివానియా అంటే మగవాళ్ళు కూర్చుని కబుర్లు చెప్పుకునే పెద్ద హాలు. ఇంటి వెనక తలుపు నుంచి ఆ హాలు గుమ్మం దాకా ఇరవై అడుగులు ఉంటుందేమో. ఆ ఇరవై అడుగుల్లో ఆయనకు పట్టణమంతా కావాలి. నేలకు నల్లరాయి, ఎందుకంటే బండి చక్రాలు తిరిగే వీధికి వాళ్ళు అన్నిటికన్నా గట్టి రాయినే వాడారు. గోడకు అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి తయారైన పసుపుపచ్చ రాయి, అది మెత్తన, రంపంతో కోసుకోవచ్చు. మూలలకూ గుమ్మాలకూ మాత్రం సున్నపురాయి. "ఒక్కో రాయికి ఒక్కో ఉద్యోగం," అనేవారు. "వాళ్ళు రాయిని అందం చూసి పెట్టలేదు, అది ఏం చేయగలదో చూసి పెట్టారు." మనుషుల్ని ఉద్యోగాల్లో పెట్టేవాళ్ళకు ఈ మాట ఎవరైనా చెబితే బాగుండునని అప్పుడు అనుకున్నాను.

పని చేసింది మా మేస్త్రీ. కడప జిల్లా మనిషి, నాపరాళ్ళ గనుల మధ్య పుట్టి పెరిగినవాడు, సాయిబుల ఇంటివాడు. ఊళ్ళో ఉన్నప్పుడు రాయి తీయడం, వచ్చాక రాయి పెట్టడం, అంతకుమించి ఏదీ చేయలేదు, చేయాలనీ అనుకోలేదు. నల్లబండల మీద బండి చక్రాల గాళ్ళు చెక్కమని ఉస్తాద్ చెబితే మాత్రం విస్తుపోయాడు. "కొత్త బండని అరిగిపోయినట్ల చేసేది ఏంది మేడమ్? మా తావ అరిగిన బండ తీసేసి కొత్తది ఏస్తారు," అన్నాడు. అన్నాడే గాని చక్కగా చెక్కాడు. ఉస్తాద్ ఆ గాళ్ళలో కాలు పెట్టి అటూ ఇటూ నడిచి చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు.

గొడవ గుమ్మం దగ్గర వచ్చింది. దివానియా గుమ్మం రోమన్ దుకాణం ముందుభాగంలా వెడల్పుగా ఉండాలన్నారు ఆయన. తొమ్మిది అడుగుల ఖాళీ. దానిమీద ట్రావర్టీన్ అనే చిల్లుల సున్నపురాయి ఒకే ముక్కగా, దూలంగా పడుకోవాలి, దానిమీద మళ్ళీ పసుపు రాయి గోడ లేవాలి. నేను రాయి వెనక కనపడకుండా ఇనుప కమ్మీ గీసి తీసుకెళ్ళాను. ఆయన కాగితాన్ని అలాగే వెనక్కి తోసేశారు.

"లోపల ఇనుము పెట్టి పైన రోమ్ అంటే అబద్ధం కదా," అన్నారు.

"దుకాణం గుమ్మాలకు రోమన్లే చెక్క దూలాలు వాడారని మీరే చెప్పారు ఉస్తాద్."

"చెక్క కాలిపోయింది. రాయి మిగిలింది."

"రాతి దూలాలు గుడి స్తంభాల మీద పెట్టారు. ఆ స్తంభాలు దగ్గర దగ్గరగా ఉంటాయి."

ఆయన నవ్వి మేస్త్రీ వైపు తిరిగారు. ఈ రాయి మోస్తుందా అని అరబ్బీలో అడిగారు. మేస్త్రీ పుట్టిన ఊళ్ళో ఇళ్ళ కప్పులు నాపబండలే. గోడ నుంచి గోడకు బండ పరిచి, పైన మట్టి వేసి, ఆ మట్టి మీద మిరపకాయలు ఎండబెట్టుకుంటారు. పొలాల చుట్టూ కంచె కూడా నిలబెట్టిన బండలే. రాయి మొయ్యదేమో అన్న అనుమానం వాళ్ళకు పుట్టుకతోనే ఉండదు. అతను చిన్న సుత్తితో ట్రావర్టీన్‌ని ఆ చివరా ఈ చివరా తట్టాడు. ఖంగుమంది. వాళ్ళ గనుల్లో మంచి రాయిని ఎంచే పద్ధతి అదే.

"పలుకుతాంది మేడమ్. పలికే రాయి మోస్తాది. నేను పెడతా," అన్నాడు.

నాపరాయిలో పొరలు అప్పడాల దొంతరలా బల్లపరుపుగా పడుకుని ఉంటాయి. ఏ వైపు పడుకోబెట్టాలో రాయే చెబుతుంది. ట్రావర్టీన్ అలా కాదు. పెద్ద దిమ్మను యంత్రంతో తమ ఇష్టం వచ్చినట్టు కోస్తారు. పొర అడ్డంగా వచ్చిందో నిలువుగా వచ్చిందో చూసుకోవాలి, నిలువుగా వస్తే బరువుకు అక్కడే విరుగుతుంది. రాయి నిండా ఉండే చిల్లులను కార్ఖానాలోనే లప్పంతో నింపి పాలిష్ కొట్టేస్తారు. అప్పుడు సుత్తి పెడితే రాయితోబాటు లప్పం కూడా పలుకుతుంది. ఇదంతా నేను చెప్పాను. గట్టిగానే చెప్పాను, నా గొంతు చిన్నదేమీ కాదు. మా యజమాని ఫోన్‌లో రెండు మాటల్లో తేల్చేశాడు. కస్టమర్ వద్దంటున్నాడు, మేస్త్రీ సరేనంటున్నాడు, ఖలాస్.

దూలం ఎక్కింది. పైన గోడ లేచింది. సందు చూస్తే నిజంగానే ఏదో పాత పట్టణంలో దారి తప్పినట్టుండేది. ఆ గుమ్మం కిందినుంచి మాత్రం నేను నడిచిన ప్రతిసారీ గబగబా నడిచాను.

చలికాలం చివర్లో ఒక శుక్రవారం ఉస్తాద్ తమ్ముళ్ళందర్నీ భోజనానికి పిలిచారు. కొత్త సందును వాళ్ళకు చూపించాలని ఆయన ఆత్రం. నన్నూ రమ్మన్నారు. కంపెనీకి ఫొటోలు కావాలి గనక నేను పదకొండింటికే కారేసుకుని వెళ్ళాను. ఉస్తాద్ అప్పటికే నమాజుకు తయారవుతున్నారు. సందులో వాళ్ళింట్లో పనిచేసే ఆవిడ ఒక్కతే చీపురు పట్టుకుని ఉంది. ఆవిడది గోదావరి జిల్లా. నన్ను చూస్తే ఆవిడ నోటికి సెలవు దొరికినట్టు ఉంటుంది, రోజంతా అరబ్బీ మాట్లాడి మాట్లాడి.

"సూడండి మేడంగారూ, పొద్దుట్నించీ ఇక్కడే ఊడుత్తన్నాను. ఊడిసి అటెళ్ళి వచ్చేసరికి మళ్ళీ తెల్లటి పొడండి. పిల్లుల్లేవు, పిట్టల్లేవు. మామా సూత్తే నేను ఊడవలేదంటారు."

మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. నల్లరాతి గడప మీద, సరిగ్గా గుమ్మం మధ్యలో, పిండి రాల్చినట్టు తెల్లగా ఉంది. నేను వేలితో తీసి చూశాను. ఆ తర్వాత తల ఎత్తాను. దూలం అడుగున, మధ్యలో, వెంట్రుకంత గీత. అది పాలిష్ గీత కాదు. కిందినుంచి పైకి వంకరగా పోయి, ఒకచోట లప్పం ఊడి చిన్న చిల్లు నోరు తెరిచింది. నేను చూస్తుండగానే అందులోంచి మరికాస్త పొడి జారింది.

ఆవిడ చేయి పట్టుకుని గోడ పక్కకు లాగాను. "ఇక్కణ్ణుంచి వెళ్ళకు. వంటింటి వైపు నుంచి చుట్టు తిరిగి వెళ్ళు. ఎవరేమన్నా సరే."

"మామా తిడతారండీ, పళ్ళేలన్నీ ఇటే..."

"తిడితే నా పేరు చెప్పు."

మేస్త్రీకి ఫోన్ చేశాను. అతని గది దగ్గరలోనే. టాక్సీలో వచ్చాడు, తెల్లబట్టలు వేసుకుని, జుమాకు, అంటే శుక్రవారం నమాజుకు, వెళ్ళబోతున్న మనిషి. "గీత మేడమ్ అది, రాయిలో ఉండే గీత," అని గుమ్మంలోకి వస్తూనే అన్నాడు. జేబులోంచి సుత్తి తీశాడు. ఆ మనిషి నమాజుకు పోయేటప్పుడు కూడా సుత్తి జేబులో పెట్టుకుంటాడని నాకు అప్పుడే తెలిసింది. చివర తట్టాడు, పలికింది. మధ్యలో తట్టాడు. ఎండిన గుమ్మడికాయను తట్టినట్టు డొల్లగా శబ్దం వచ్చింది. అతను మళ్ళీ తట్టలేదు. సుత్తిని జేబులో పెట్టేసుకున్నాడు.

"ఉస్తాద్‌కి చెప్పినారా?"

"ఇంకా లేదు."

"చెప్పాకండి మేడమ్. ఒక్క గంట. నా ఇఖామా ఈ నెలాఖరుకు అయిపోతాది. ముదీర్ ఇంగా రెన్యువల్ చేయలేదు. మనుషుల్ని తగ్గించాల అని నెల దినాలుగా అంటాండాడు. ఈ మాట చెవిన పడితే నాదే మొదటి టికెట్."

ఇఖామా అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, అది ముదీర్ చేతిలో, అంటే మా యజమాని చేతిలో ఉంటుంది. "ఇది మనుషుల నెత్తిన పడితే?"

"పడనిస్తానా? గోదాములో స్లాబు కింద నిలబెట్టే ఇనుప జాకీలు ఉండాయి. ఇప్పుడే పోయి తెస్తా. జుమా పోతే పోనీ, ఆ దేవుడు చూస్తానే ఉండాడు. వాళ్ళు నమాజు ముగించి, అందరితో మాట్లాడి, తిరిగొచ్చే లోపల దూలానికి జాకీలు పెట్టేస్తా. లైట్లు కట్టేదానికి అని చెప్పుకుందాం. వారంలో దించి వేరేది ఎక్కిస్తా. నా మాట వినండి."

నాకు అతని మీద మండిపోతోంది. ఆ రోజు నా మాట వినని మనిషి ఈ రోజు తన మాట వినమంటున్నాడు. కానీ అతని ముఖం చూస్తే ఆ మాట అనలేకపోయాను. దివానియా ఖాళీగా ఉంది. మగవాళ్ళంతా మసీదుకు వెళ్ళారు. ఆడవాళ్ళు ఈ వైపు రారు. సరే, మీరు వచ్చేదాకా ఎవరికీ చెప్పను అన్నాను. అతను సలాం పెట్టి రోడ్డు మీదికి పరిగెత్తాడు.

హాల్లోంచి రెండు కుర్చీలు తెచ్చి గుమ్మానికి అడ్డంగా పెట్టాను. మామా కిటికీలోంచి ఏమిటని కేకేసింది. పాలిష్ ఆరలేదన్నాను. బంధువులొచ్చే రోజే ఆరకుండా పోవాలా అని ఆవిడ విసుక్కుని కిటికీ మూసింది. పనావిడ పెద్ద అన్నం పళ్ళేన్ని నెత్తికెత్తుకున్నట్టు పట్టుకుని చుట్టు దారిన వెళుతూ, రెండోసారికే నావంక గుర్రుగా చూసింది. నేను పసుపు రాయి గోడకు చేరబడి, గీత మీంచి కన్ను తిప్పకుండా నిలబడ్డాను. చూస్తూ ఉంటే ఆగుతుందన్న పిచ్చి నమ్మకం ఏదో. పొడి ఆగడం లేదు. ఒక్కో విడత జారినప్పుడల్లా చిటుక్కుమని, గోరు విరిచినంత శబ్దం. ఆ ఎండలో, అంత నిశ్శబ్దంలో, ఆ శబ్దం కోసమే చెవులు పెట్టుకుని ఉండటం ఎంత చెడ్డ పనో ఎవరికీ చెప్పలేను.

మేస్త్రీకి ఫోన్ చేస్తే గోదాము తాళం వేసి ఉందన్నాడు. కాపలావాడు తాళాలతో సహా మసీదుకు వెళ్ళాడట. "వస్తాడు మేడమ్, ఇప్పుడే వస్తాడు," అన్నాడు. శుక్రవారం ఆ సమయానికి దేశమంతా ఒకేచోట ఉంటుందని ఇద్దరికీ తెలుసు. ఇద్దరం మర్చిపోయాం. కాసేపటికి మళ్ళీ చేశాను. తాళం దొరికింది, జాకీలను హాఫ్ లారీలోకి ఎక్కిస్తున్నానన్నాడు.

అప్పుడు వీధిలో కార్ల తలుపులు మూసుకున్న చప్పుడు వినిపించింది. ఎవరో నవ్వారు. ఉస్తాద్ ఆ రోజు మసీదు దగ్గర ఎవరితోనూ మాట్లాడకుండా, తమ్ముళ్ళను వెంటేసుకుని నేరుగా వచ్చేశారు. సందు చూపించాలన్న ఆత్రం అంతటిది.

నలుగురు తమ్ముళ్ళు. పాదాల దాకా తెల్లటి దిష్‌దాషాలు, అత్తరు వాసన. ఉస్తాద్ చేతికర్రతో నల్లబండల మీది గాళ్ళను చూపిస్తూ నడిచివస్తున్నారు. నేను ఎదురెళ్ళాను. "ఉస్తాద్, ఈ రోజుకి గుమ్మం వైపు వద్దు. పాలిష్ తడిగా ఉంది."

"మేము నడిచేది నేల మీద, పైన దూలం మీద కాదు," అని ఆయన ఇంగ్లీషులో అన్నారు. తమ్ముళ్ళు నవ్వారు. కుర్చీలను ఆయనే పక్కకు జరిపారు. జరిపి, సరిగ్గా దూలం కింద, గడప మీద నిలబడి, పాఠం మొదలుపెట్టారు.

ముప్పై ఏళ్ళు క్లాసులో నిలబడ్డ మనిషి. ఆయనకు తొందర అంటే తెలియదు. లావా రాయి వీధికి ఎందుకు, బూడిద రాయి గోడకు ఎందుకు, దుకాణం గడపలో ఈ గాడి ఎందుకు, ఇందులో చెక్క పలకలు నిలబెట్టి రాత్రికి దుకాణం మూసేవాళ్ళు, వర్షం నీళ్ళలో కాలు తడవకుండా వీధి దాటడానికి ఎత్తు రాళ్ళు వేసుకునేవాళ్ళు. ఇద్దరు తమ్ముళ్ళు ఆయన పక్కకు, దూలం కిందికి చేరారు. ఇంకో ఆయన వంగి గడపలో గాడిని చూస్తున్నాడు. గడప మీది తెల్లపొడిని చెప్పుతో పక్కకు నెట్టాడు.

నేను ఫోన్ చూశాను. మేస్త్రీ దగ్గర్నుంచి ఏమీ లేదు. మాటిచ్చాను, ఇంకా కొద్ది నిమిషాలు, వస్తూనే ఉంటాడు అని ఒక మనసు. చూడు, చూడు, పైకి చూడు అని ఇంకో మనసు.

"ఇక ఇది," అన్నారు ఉస్తాద్, చేతికర్ర పైకెత్తి. "ఒకే రాయి. లోపల ఇనుము లేదు." అని దూలం అడుగున, సరిగ్గా మధ్యలో, కర్రతో టకటకమని కొట్టారు.

ఎక్కడినుంచి వచ్చిందో ఆ గొంతు నాది కాదు. "బయటికి రండి, రాయి పగిలింది," అని అరిచాను. ఆయన నావైపు తిరిగి, అర్థంకాక, నవ్వుతూ అక్కడే నిలబడ్డారు. అప్పుడు నేను ముందుకెళ్ళి ఆయన చేతిని, మోచేతి దగ్గర, రెండు చేతులతో పట్టుకుని లాగాను. తమ్ముళ్ళ ముందు, వాళ్ళింట్లో, పెద్దాయనను, పరాయి ఆడదాన్ని. ఆయన కర్ర కింద పడింది. ఇద్దరం సందులోకి తూలాం. తమ్ముళ్ళు నావైపు చూసిన చూపులు ఇప్పటికీ గుర్తున్నాయి. తర్వాత వాళ్ళూ పైకి చూశారు, ఒక్కొక్కరే వెనక్కి నడిచారు.

సందు మొదట్లో ఇనుము నేలకు తగిలిన శబ్దమైంది. మేస్త్రీ, ఒక్కో భుజాన ఒక్కో జాకీతో. అతను మమ్మల్ని చూశాడు, జరిపేసిన కుర్చీలను చూశాడు, నన్ను చూశాడు. నేను చెప్పేశానని అతనికి అర్థమైంది. తెల్లబట్టల మీద తుప్పు మరకలతో నేరుగా దూలం కిందికి వెళ్ళాడు.

"వద్దు, అందరూ బయటే ఉన్నారు, పడితే పడనీ," అన్నాను.

"పడితే పైన గోడ కూడా పడతాది. లోపల కరెంటు తీగలుండాయి," అన్నాడు, నావైపు చూడకుండా. మొదటి జాకీని గీతకు ఒకవైపు నిలబెట్టి, పైన చెక్కముక్క పెట్టి, మర తిప్పాడు. రెండోది ఎత్తాడు. దాన్ని తిప్పుతుండగా ఆ శబ్దం వచ్చింది. గోరు విరిగిన శబ్దం కాదు, ఈసారి చెట్టుకొమ్మ విరిగిన శబ్దం. దూలం మధ్యకి చీలి, కుడివైపు సగం వేలు మందాన కిందికి దిగి, రెండో జాకీ మీద కూర్చుంది. పొడి అతని నెత్తిమీద కుప్పగా పోసింది. నేను కళ్ళు మూసుకోలేదు. మూసుకోవాలనుకున్నాను, మూతపడలేదు. అతను మర తిప్పడం ఆపలేదు. ఒక చుట్టు, ఇంకో చుట్టు. జాకీ బిగిసిందని చేత్తో కొట్టి చూసుకున్నాక అప్పుడు బయటికి వచ్చి, గోడ పక్కన కూలబడ్డాడు. అతని జుట్టూ కనురెప్పలూ తెల్లగా ఉన్నాయి. పనావిడ ఎక్కణ్ణుంచో నీళ్ళసీసా తెచ్చి చేతికిచ్చింది.

పెద్ద తమ్ముడు అడిగాడు, ఈ రాయి పెట్టింది ఎవరని. మేస్త్రీ కూర్చున్నచోటి నుంచే చేయెత్తి, "అనా," అన్నాడు. నేనే అని.

నేను ఆగలేకపోయాను. "ఇనుము వద్దన్నది మీ అన్నగారు," అన్నాను. మర్యాదగా అనలేదు.

ఉస్తాద్ పగిలిన రాయినే చూస్తున్నారు. అవును, నేనే వద్దన్నాను అని తమ్ముళ్ళతో అరబ్బీలో, తర్వాత నాతో ఇంగ్లీషులో అన్నారు. ఫోన్ తీసి మా యజమానికి కూడా అదే చెప్పారు, ఆ మేస్త్రీ ప్రాణానికి తెగించి గోడ నిలబెట్టాడని కూడా చెప్పారు. చరిత్ర మాస్టారు నిజం చెప్పారు. ఆయన మీద నాకు గౌరవం పోలేదు. కానీ ఆ నిజం మేస్త్రీకి ఎందుకూ పనికి రాలేదు. మా యజమాని ఎవరో ఒకరి పేరు కోసం నెల నుంచీ చూస్తున్నాడు, దొరికింది. ఇఖామా రెన్యువల్ కాలేదు. నేను ఆఫీసుకు వెళ్ళి వాదించాను. కస్టమర్ తప్పని కస్టమరే ఒప్పుకుంటున్నాడు కదా అన్నాను. కస్టమర్‌ని దేశం నుంచి పంపలేను కదా అన్నాడు మా యజమాని, నవ్వుతూ.

వెళ్ళే ముందు ఉన్న రోజుల్లో మేస్త్రీ ఒక పని అడిగి మరీ చేశాడు. రోమన్లు కూడా ఇలా దూలాలు విరగడం చూసే నేర్చుకున్నారు కాబోలు, వెడల్పు గుమ్మాల మీద ఒకే రాయి బదులు ముక్కలు పేర్చారని ఉస్తాద్ బొమ్మ వేసి చూపించారు. ప్రతి ముక్క పైన వెడల్పు, కింద సన్నం. కిందికి జారాలంటే పక్కవాడు ఒప్పుకోడు. చూడటానికి అదీ బల్లపరుపు దూలంలాగే ఉంటుంది. నేను కోణాలు లెక్కగట్టి ఇచ్చాను. విరిగిన రెండు సగాల్లోంచే, పొర ఎటుందో లప్పం గీకి చూసుకుని, మేస్త్రీ ముక్కలు కోశాడు. కింద చెక్క పరిచి, జాకీలు పెట్టి, రాళ్ళు పేర్చి, సున్నంతో అతుకులు నింపాడు. ఆ గుమ్మంలో సుత్తితో రాళ్ళను ఎన్నిసార్లు తట్టాడో. కానీ సున్నం గట్టిపడటానికి వారాలు పడుతుంది. అప్పటిదాకా జాకీలు తీయకూడదు. అతని టికెట్ ఆ వారాలు ఆగలేదు.

చివరి రోజు గోదాము గేటు దగ్గర, ఆ శుక్రవారం మాట ఎత్తింది నేనే. ఇంకొంచెంసేపు ఆగాల్సిందేమో అన్నాను.

"ఆగింటే ఆయప్ప పోయుండును మేడమ్. నేను ఈడ జైల్లో ఉందును. ఇప్పుడు ఇంటికే గదా పంపిస్తాండారు," అన్నాడు. గేటు దాటబోతూ, "జాకీలు తీసేటప్పుడు నాకు ఫోన్ చేయండి. మర్చిపోవద్దు," అన్నాడు.

ఎండలు మొదలైన రోజుల్లో తీశాం. ఫోన్ స్పీకర్‌లో పెట్టి గడప మీద ఉంచాను. కొత్త మేస్త్రీ మర వదులు చేస్తుంటే, ఏ జాకీ ముందు, ఏది తర్వాత అని కడప జిల్లా నుంచి అతను చెబుతున్నాడు. నేను నలుగురికీ వినపడేలా ఊపిరి పీలుస్తున్నాను. రెండో జాకీ దిగింది. చెక్క ఒక పక్కకు వాలింది. రాళ్ళలో ఎక్కడో టిక్కుమంది.

"శబ్దం వచ్చిందా?"

"వచ్చింది. చిన్నది."

"సర్దుకున్నాయి, అంతే. గీత యాడన్నా ఉందా చూడండి."

లేదు. టార్చి వేసి ప్రతి అతుకూ చూశాను. ఉస్తాద్ తల ఎత్తి నా వెనకే వస్తూ ఆయనా చూశారు. పొడి లేదు, గీత లేదు, చెక్క తీసేశాక కూడా రాళ్ళు వరసగా అలాగే ఉన్నాయి.

"నిలబడింది మేస్త్రీ గారూ. బ్రహ్మాండంగా నిలబడింది."

నేను ఫోన్‌ని గడప మీంచి తీసి చేతిలో పట్టుకున్నాను.

"అయితే నన్ను మళ్ళా పిలుస్తారా మేడమ్?" అన్నాడు.

ఉస్తాద్ కొత్త దూలం కిందే, నా పక్కనే నిలబడి ఉన్నారు. ఆయనకు తెలుగు రాదు. ఏమంటున్నాడని అడిగారు. సంతోషంగా ఉందంటున్నాడని చెప్పాను.